నీళ్లు సిద్ధం కాకుండా చేప పిల్లలు తేవద్దు

ప్రశ్న: ఇంటి దగ్గర వెయ్యి లీటర్ల ట్యాంకు, పైన కంకర తొట్టె పెట్టి ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కలు పెంచడం) మొదలుపెడుతున్నాను. నీళ్లు బోరువి. ఏ చేపలు వేయాలి, పిల్లలు ఎక్కడ దొరుకుతాయి? సంతలో ఒకాయన థాయ్ మాగుర్ అనే విదేశీ క్యాట్‌ఫిష్ ఇస్తానంటున్నాడు. – ఒక రైతు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: థాయ్ మాగుర్ ఎంత చవకగా ఇచ్చినా వద్దండీ, దాని పెంపకం మన దేశంలో నిషేధం. తప్పించుకుని కాలువలో పడితే మన నాటు చేపల్ని బతకనివ్వదు. తిలాపియాకు మత్స్యశాఖ అనుమతి కావాలి. కొర్రమీనుకు రేటు బాగానే ఉంటుంది కానీ పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి, కొత్తవాళ్లకు తలనొప్పి. మీకు పంగాసియస్ (ఇదీ ఒక రకం క్యాట్‌ఫిషే) సులువు, నీటిలో ఆక్సిజన్ కాస్త తగ్గినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. కాకపోతే చలికి ఓర్వదు, మీ వైపు డిసెంబరు రాత్రుళ్లకి మేత మానేస్తుంది, అందుకే వానాకాలంలో వేసుకోండి. మొదటిసారి పాతికకు మించి వద్దు, అవి అరకిలో చొప్పున పెరిగినా ఆ ట్యాంకుకు పన్నెండు కిలోలు చాలు.

అసలు తొందరపడకూడనిది నీళ్ల దగ్గర. చేప వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత మొక్క తీసుకునే నైట్రేట్‌గా మార్చాలి. ఆ బ్యాక్టీరియా కంకరకు పట్టుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు మోటారు నడుపుతూ రోజూ చిటికెడు చేపల మేత నీళ్లలో వేసి కుళ్లనివ్వండి, దాంట్లోంచి వచ్చే అమ్మోనియాతోనే ఆ బ్యాక్టీరియా పెరుగుతుంది. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ ముందు పెరిగి, తర్వాత రెండూ సున్నాకి వస్తేనే చేపలు. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి ఒకట్రెండు రోజులు గాలి కొట్టించాకే వాడండి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గరుంటే చేపకీ మొక్కకీ సరిపోతుంది. కంకర మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే అది సున్నపురాయి, పీహెచ్ పెంచుతూనే ఉంటుంది. (ట్యాంకు డాబా మీద అయితే ముందు మేస్త్రీని అడగండి, నీళ్లే టన్ను బరువు!)

పిల్లల్ని బండి మీద తిరిగి అమ్మేవాళ్ల దగ్గర కాకుండా హేచరీలోనే (చేప పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రం) కొనండి. ఏది నమ్మకమైనదో బరంపురం దగ్గర రంగైలుండా మత్స్య కళాశాలలోనో, ఆర్.ఉదయగిరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో వాకబు చేయండి. వేలెడు సైజువి, చురుగ్గా ఎదురీదేవి ఏరుకోండి, ఒంటి మీద ఎర్రమచ్చలు, దూదిలాంటి బూజు ఉంటే ఆ తొట్టిలోవేవీ వద్దు. ప్యాకింగుకు ముందురోజు మేత పెట్టొద్దని చెప్పండి, ఆక్సిజన్ సంచిలో చల్లపూట తెచ్చుకోండి.

ఇంటికి తెచ్చాక సంచిని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా మీ నీళ్లు కలిపి అప్పుడు వదలండి, అదీ ట్యాంకులో కాదు, విడిగా ఒక టబ్బులో రెండు వారాలు. ఉప్పు నీళ్లలో ముంచడం, మందులు వాడటం ఏదైనా అక్కడే అయిపోవాలి, ఎందుకంటే ట్యాంకులో మందు పడితే కంకరకు పట్టిన ఆ బ్యాక్టీరియా చస్తుంది, ఉప్పు ఎక్కువైతే మొక్కలు పోతాయి. మొదటిరోజు మేత వేయకండి.

ఇంకొకటి, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మీ జిల్లాలో కరెంటు ఎన్నిరోజులు లేదో మీకే తెలుసు. చేపల కంటే ముందు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి.