ఒకే గ్రేడు, రెండు ధరలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

కార్తీక్,

నువ్వు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశాను. రెండూ 1924 నాటి ఇరవై డాలర్ల సెయింట్ గాడెన్స్ (బొమ్మ చెక్కిన శిల్పి పేరు) బంగారు నాణేలే, రెండూ పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో, అంటే స్లాబ్‌లోనే ఉన్నాయి, రెండిటి మీదా ఎంఎస్ 66 అనే గ్రేడే రాసుంది, అయినా ఒకటి రెండోదాని కన్నా పదిహేను వందల డాలర్లు ఎక్కువకి పోయింది. "ఇందులో ఏదో మోసం ఉంది కదా అత్తయ్యా" అన్నావు. మోసమేం లేదు నాన్నా. ఇరవై ఏళ్లుగా ఈ నాణేలు కొంటున్నాను, అమ్ముతున్నాను, మొదట్లో నాకూ నీలాగే అనిపించేది. నీకు వచ్చే వేలంలోనే ఏదో ఒకటి కొనేయాలని తొందరగా ఉందని నీ మెసేజ్ చూస్తేనే తెలుస్తోంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మొత్తం చదివాకే పాట పాడు.

ముందు ఆ రెండు వేలాల తేదీలు చూడు. ఒకటి నిరుడు జనవరిలో, ఇంకోటి మొన్న. ఈ నాణెం 33.4 గ్రాములు, అందులో తొంభై శాతం బంగారం, మిగతాది రాగి. అసలు బంగారం 0.9675 ట్రాయ్ ఔన్సు, బంగారం రేటు చెప్పేది ఈ ఔన్సులోనే. 1924లో ఫిలడెల్ఫియా టంకశాలలో ఇవి 43 లక్షలకు పైగా కొట్టారు, ఈ వరసలో ఇంతకన్నా తేలిగ్గా దొరికేది లేదు, కాబట్టి దీని ధరలో పెద్ద భాగం బంగారం రేటుతో పాటే ఎక్కుతుంది, దిగుతుంది. వేలం జరిగిన రోజు ఔన్సు రేటు ఎంతో చూసి 0.9675తో గుణించి, వచ్చింది తీసెయ్. మిగిలిందే నాణేనికి పెట్టిన డబ్బు. పోలిస్తే ఆ మిగిలిన అంకెల్నే పోల్చాలి. ఇలా లెక్కేస్తే నువ్వు చెప్పిన తేడాలో సగానికి పైగా అక్కడే పోతుంది, కావాలంటే నువ్వే వేసి చూడు.

ఇంకో సంగతి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పాట ఆగిన చోటుకీ నువ్వు కట్టే డబ్బుకీ మధ్య వేలం సంస్థ కమిషన్ ఉంటుంది, బయ్యర్స్ ప్రీమియం అంటారు, పెద్ద సంస్థల్లో ఇరవై శాతం అటూ ఇటూ. పాట అయిదు వేల దగ్గర ఆగితే ఇరవై శాతం లెక్కన నీకు బిల్లు ఆరు వేలకి వస్తుంది, షిప్పింగ్, ట్యాక్స్ ఉంటే అవి వేరే. కొన్ని చోట్ల పాత ధరలు ప్రీమియం కలిపి చూపిస్తారు, కొన్ని చోట్ల కలపకుండా చూపిస్తారు. అవి రెండూ పక్కపక్కన పెట్టుకుని కంగారు పడకు. నేను మొట్టమొదటి నాణేన్ని ఆ కమిషన్ సంగతి చదవకుండానే పాడాను, బిల్లు చూశాక ఆ నెల ఇంటి ఖర్చుల్లో ఎక్కడ తగ్గించాలా అని రెండు రోజులు నిద్రపట్టలేదు.

ఇక గ్రేడు. 1 నుంచి 70 దాకా ఉండే ఈ స్కేలు 1949లో షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేసింది, తర్వాత మిగతా నాణేలకీ అదే వాడారు. గ్రేడు ఇచ్చే సంస్థలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. వాడకంలో అరగని నాణేలకి ఎంఎస్ అని రాసి 60 నుంచి 70 ఇస్తారు. స్లాబ్ మీద అంకె తూకపురాయి లాంటిది కాదు కార్తీక్, చూసిన నిపుణులు ఆ రోజు చెప్పిన అభిప్రాయం. 66లో ఆ అంకెకి బొటాబొటిగా తూగినవీ ఉంటాయి, 67కి వెంట్రుకవాసిలో ఆగిపోయినవీ ఉంటాయి. ఈ తేడా చెప్పడానికే తర్వాత 66+ లాంటి ప్లస్ గ్రేడ్లు పెట్టారు. 2007 నుంచి సీఏసీ అనే ఇంకో సంస్థ వాళ్లు గ్రేడు అయిన నాణేన్ని మళ్లీ చూసి, ఆ గ్రేడుకి నికరంగా తూగితే స్లాబ్ మీద చిన్న ఆకుపచ్చ స్టిక్కర్ వేస్తున్నారు. నీ రెండో ఫోటో, ఎక్కువకి పోయినది, పెద్దది చేసి చూడు, ఓ మూలన పచ్చగా ఉంది. మొదటి దానికి లేదు.

కానీ స్టిక్కర్ చూసి కొనమని నేను చెప్పను, నీ కళ్లతో చూడమంటాను. టేబుల్ ల్యాంప్ ఒక్కటి వేసి, స్లాబ్‌ని దాని కింద పట్టుకుని కొద్దికొద్దిగా వంచుతూ తిప్పు. మంచి నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. జీవం పోయిన దాని మీద ఒకచోట తళుక్కుమని ఆగిపోతుంది. ఆ రోజుల్లో వీటిని సంచుల్లో పోసి బ్యాంకుల మధ్య తిప్పేవాళ్లు, ఒకదానికొకటి కొట్టుకుని ఎత్తుగా ఉన్న చోటల్లా నొక్కులు పడ్డాయి. నాణెం మీద లిబర్టీ అనే స్త్రీ బొమ్మ ముఖం, రొమ్ము, మోకాలు, ఆ మూడు చోట్లా లెన్స్ పెట్టి చూడు. బట్ట మడతల్లో పడిన గీత కనపడకుండా కలిసిపోతుంది, ముఖం మీద పడింది మాత్రం ఎన్నిసార్లు చూసినా కంటికి తగులుతూనే ఉంటుంది, గ్రేడు ఒకటే అయినా కొనేవాడి చెయ్యి అక్కడే వెనక్కిపోతుంది. రాగి మచ్చలు కూడా అంతే. నేను ఒకసారి ఫోటో చూసి 1908ది ఒకటి పాడుకున్నాను, ఫోటోలో పండు పసుపులా ఉంది, తీరా ఇంటికొచ్చాక చూస్తే మట్టి రంగులో ఉంది, పైగా చెంప పక్కన మిరియం గింజంత గోధుమరంగు మచ్చ. రెండేళ్లకి నష్టానికే వదిలించుకున్నాను. మీ డాలస్‌లోనే హెరిటేజ్ అనే వేలం సంస్థ ఆఫీసుంది, వేలానికి ముందు లాట్లు, అంటే అమ్మకానికి పెట్టిన నాణేలు, చూపిస్తారు, టైమ్ అడిగి వెళ్లు. వాళ్ల పాత వేలాల ధరలన్నీ లాగిన్ అయితే ఉచితంగా చూడొచ్చు.

అన్నిటికన్నా పెద్ద కారణం చెప్తాను విను. వేలంలో ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, రెండోవాడు. ఇద్దరు పంతం పట్టి పాడితే పైకి పోతుంది, ఆ రాత్రి అదే నాణేనికి ఒక్కడే ఉంటే కింద ఆగిపోతుంది. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది, అదీ శనగపిండి రేటు వల్ల కాదు కదా. ఒకే వేలంలో అదే సంవత్సరం, అదే గ్రేడువి మూడు వస్తే, మూడోది తరచు చవగ్గా పోతుంది, బాగా కావాలనుకున్నవాడు అప్పటికే కొనుక్కుని వెళ్లిపోయుంటాడు. రిజిస్ట్రీ సెట్ల కోసం, అంటే గ్రేడింగ్ సంస్థల జాబితాలో తమ సేకరణే ముందుండాలని, పోటీపడేవాళ్లు ఇద్దరు తగిలితే ఒక్క గ్రేడు తేడాకి రెట్టింపు పెడతారు. అలాంటి ఒక్క ధర చూసి అదే మార్కెట్ అనుకోకు, కనీసం ఏడెనిమిది వేలాలు చూసి, అన్నిటికన్నా పైదీ కిందదీ వదిలేసి మధ్యలోవి పట్టుకో.

"ఈ గ్రేడులో ఇన్నే ఉన్నాయి" అని పాపులేషన్ లెక్క, అంటే గ్రేడింగ్ సంస్థ ఏ గ్రేడు ఎన్నిటికి ఇచ్చిందో ఆ లెక్క, చూపిస్తే దాన్నీ పూర్తిగా నమ్మకు. ఇంకో గ్రేడు పైకి వస్తుందేమోనని స్లాబ్ పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు, పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండు మూడు సార్లు లెక్కలోకి వస్తుంది. కొత్త మూటలు బయటపడటం కూడా ఉంది. 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అన్న మాటలు లేని 1908 నో మోటో నాణేలు 1990లలో వెల్స్ ఫార్గో మూట అనే పేరుతో దాదాపు 19,900 ఒక్కసారే బయటికొచ్చాయి, అందుకే అవి పై గ్రేడుల్లో కూడా తేలిగ్గా దొరుకుతాయి. దీనికి తలకిందులు 1927ది. ఫిలడెల్ఫియాది సులువుగా దొరుకుతుంది, అదే ఏడు డెన్వర్‌లో కొట్టినవి 1,80,000 ఉన్నా దాదాపు అన్నీ కొలిమిలోకే పోయాయి, తేదీ పైన చిన్న డి అక్షరం ఉన్న ఆ కొద్ది నాణేల ధర పది లక్షల డాలర్లు ఎప్పుడో దాటింది. ఒకే నాణేనికి కాలాన్ని బట్టి రెండు ధరలు రావడానికి 1933ది చూడు, అదే ఒక్క నాణెం 2002లో సుమారు 76 లక్షల డాలర్లకి, 2021లో సుమారు కోటీ 89 లక్షల డాలర్లకి పోయింది.

చివర్లో అడిగావు, నాన్నమ్మ కాసులపేరులోంచి పాత సవరన్లు రెండు తీసి గ్రేడింగ్‌కి పంపుదామా అని. వద్దు. వాటికి కొండీలు అతికించి ఉన్నాయి, అతుకు తీసినా అంచున గుర్తు పోదు, మెడలో వేసుకుని బొమ్మ కూడా అరిగింది, స్లాబ్‌లో అంకెకి బదులు డీటెయిల్స్ అని, అంటే దెబ్బతిన్న నాణెమని, రాసి పంపిస్తారు, గ్రేడింగ్ ఫీజు దండగ. పైగా వందేళ్లు దాటిన నాణేల్ని ఇండియా నుంచి అనుమతి లేకుండా బయటికి తేవడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. అవి అక్కడే, అమ్మ దగ్గరే ఉండనీ.

నువ్వు పాడదామనుకుంటున్న లాట్ నంబరు, స్లాబ్ మీది సర్టిఫికెట్ నంబరు ఆదివారం లోపల నాకు పంపు. ఆ నంబరు పీసీజీఎస్ సైట్‌లో వేసి, అక్కడి ఫోటో నీ దగ్గరున్న ఫోటోతో కలుస్తోందో లేదో నువ్వూ చూడు, దొంగ స్లాబులు కూడా తిరుగుతున్నాయి. కమిషన్ కలిపి ఎంతవరకు వెళ్లాలో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాసుకుందాం, పాట ఆ అంకె దాటితే ఫోన్ పక్కన పెట్టేసి పడుకో.

అత్తయ్య