ట్రైలర్ మీద రాడ్లు కట్టేటప్పుడు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, సాలూరు నుంచి మావయ్య ఆశీస్సులు.

నలభై అడుగుల ట్రైలర్ చేతికొచ్చిందని, వైజాగ్ స్టీల్‌ప్లాంటు నుంచి హైదరాబాదుకి రాడ్లు తోలుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. బండి తోలడం నీకు నేను నేర్పక్కర్లేదు. లోడు కట్టడం గురించి మాత్రం చెప్పి తీరాలి. ఇన్నాళ్ళూ నువ్వు తోలింది బాడీ లారీ. చుట్టూ గోడలుంటాయి, సరుకు కాస్త కదిలినా లోపలే ఉంటుంది. ట్రైలర్‌కి ఆ ధీమా లేదు. బ్రేకు కొట్టినప్పుడు రాడ్లు జారితే నేరుగా కేబిన్‌లోకే వస్తాయి.

పైనుంచి వేసిన బెల్టు సరుకుని పట్టుకుని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది ఆపదు, కిందికి నొక్కుతుంది, అంతే. ఆ నొక్కుడుకి కింద రాపిడి పెరుగుతుంది. ఆపేది ఆ రాపిడే. ఎంత ఆపుతుందో లెక్క వేసి చూడు. గట్టిగా బ్రేకు కొడితే సరుకు తన బరువులో 80 శాతం దాకా బలంతో ముందుకి తోస్తుందని లెక్క కట్టుకోవాలి. 30 టన్నుల లోడైతే 24 టన్నుల తోపు. చెక్క మీద ఇనుముకి ఉండే పట్టు సుమారు 40 శాతం, అంటే 12 టన్నులు. మిగతా 12 టన్నుల సంగతి? బెల్టు లేబుల్ మీద ఎల్‌సీ 2500 అని చూసి రెండున్నర టన్నులు నొక్కుతుందనుకోకు. అది బెల్టు తట్టుకోగల లాగుడు. బెల్టుని బిగించే పిడిని, అంటే రాట్చెట్‌ని, చేత్తో బిగిస్తే వచ్చే బిగువు ఎస్‌టీఎఫ్ అని అదే లేబుల్ మీద వేరేగా ఉంటుంది. మామూలు బెల్టుకి 350 దగ్గర్లో ఉంటుంది, అంటే దాదాపు 350 కిలోలు. రెండు పక్కలా కలిపి 700 కిలోలు నొక్కినా, అందులో రాపిడి కింద కలిసొచ్చేది 280 కిలోలే. ఈ లెక్కన నలభైకి పైగా బెల్టులు కావాలి. అన్ని ఎవరూ వెయ్యరు, నువ్వూ వెయ్యలేవు.

అందుకని ముందు అడ్డు, ఆ తర్వాతే కట్టు. ట్రైలర్‌కి ఉన్న ఒకే ఒక్క గోడ కేబిన్ వెనక నిలబెట్టిన ముందు గోడ. రాడ్ల కట్టలు దానికి ఆనుకుని కూర్చోవాలి. రాడ్డు పొడవు 12 మీటర్లు, నీ ట్రైలర్ సుమారు 12 మీటర్ల 19 సెంటీమీటర్లు. ఆ జానెడు ఖాళీ వెనక మిగలాలి గానీ ముందు మిగలకూడదు. క్రేన్ వాడు తొందరపెట్టినా సరే, మళ్ళీ ఎత్తించి ముందుకి జరిపించు. లోడు ఎత్తు ముందు గోడని దాటకూడదు. దాటిన రాడ్డుకి అడ్డమేదీ లేనట్టే. ఆ గోడ తుప్పు పట్టి ఉన్నా, వెల్డింగ్ విడిపోయి ఉన్నా లోడు ఎక్కించకముందే ఓనరుకి చెప్పు. రెండోసారి కూడా చెప్పు.

ఇప్పుడు చైన్లు. రాడ్లకి బెల్టు కన్నా చైనే మేలు. 8 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 చైను ఎల్‌సీ 4000 ఉంటుంది, రాడ్ల అంచుకి కోసుకుపోదు. ఉత్తినే పైనుంచి వేసేస్తే కట్ట మధ్యలో ఉన్న రాడ్లు వదులుగానే ఉంటాయి. చీపురుకట్ట మధ్యలో పుల్ల లాగితే ఎలా ఊడొస్తుందో, బ్రేకు పడితే అవి అలా జారిపోతాయి. అందుకే ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, కట్ట చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిప్పి, అప్పుడు పక్క కొక్కేలకి లాగి టైటనర్ (చైను బిగించే లీవర్) బిగించు. మధ్యలో మామూలు కట్లు వేసుకో. చైను నిట్టనిలువుగా దిగితేనే పూర్తి నొక్కుడు. ట్రైలర్ నేల నుంచి 30 డిగ్రీలే లేచి వాలుగా పడుకుంటే సగమే పనిచేస్తుంది. లోడు ఎత్తు తక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా బాగా వస్తుంది, కంటికి మాత్రం కట్టు గట్టిగానే కనిపిస్తుంది. బెల్టే వాడాల్సి వస్తే అంచుల దగ్గర పాత టైరు ముక్క పెట్టు.

కట్ట కింద చెక్క దిమ్మలు తప్పనిసరి. ఇనుము మీద ఇనుము పెడితే పట్టు సగానికి సగం పడిపోతుంది, నూనో తడి మట్టో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పై వరస దిమ్మలు కింది వరస దిమ్మల మీదకే సరిగ్గా రావాలి, లేకపోతే రాడ్లు వంగి కట్లు వదులవుతాయి. పక్క గుంజలు ఒక్కటీ తక్కువ కాకుండా దిగేసి ఉన్నాయో లేదో చేత్తో ఊపి చూసుకో. టార్పాలిన్ తాడుని కట్టు కింద లెక్కపెట్టకు.

వైర్ రాడ్ కాయిల్స్, అంటే చుట్టలుగా చుట్టిన ఇనుప కడ్డీ, వేస్తే పద్ధతి వేరు, అవి దొర్లుతాయి. ప్రతి కాయిల్‌కీ రెండు వైపులా దొర్లకుండా చెక్క ముక్కలు అడ్డం కొట్టి, కాయిల్ మధ్య కంతలోంచి చైను తియ్యాలి. ఆ లోడు వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, వివరంగా చెప్తాను.

యార్డులో ఎంత బిగించినా కొద్ది దూరంలోనే కట్టలు సర్దుకుని చైన్లు వదులవుతాయి. అమెరికాలో మొదటి 50 మైళ్ళలోపు ఆగి చూడాలని, ఆ తర్వాత 150 మైళ్ళకో మూడు గంటలకో మళ్ళీ చూడాలని రూలే ఉంది. మనకి అంత దూరం వద్దు. కూర్మన్నపాలెంలో బయల్దేరితే అనకాపల్లి దాటగానే బండి పక్కకి తీసి టైటనర్లు మళ్ళీ బిగించు. తర్వాత టీకి ఆగిన ప్రతిసారీ, గట్టి బ్రేకు పడిన ప్రతిసారీ చుట్టూ తిరిగి చూడు. కొరాపుట్ లోడుకి మన సాలూరు ఘాట్ ఎక్కాల్సి వస్తే, ఘాట్ మొదట్లోనే ఆపి చూసుకో. ఎక్కేటప్పుడు లోడు వెనక్కి జారుతుంది, అక్కడ నీకు ముందు గోడ సాయం ఉండదు.

రాడ్లు బయటికి పొడుచుకొచ్చేలా వేస్తే మాత్రం ఆ లోడు తియ్యకు. 2014లోనే కేంద్రం దాన్ని నిషేధించింది. బాడీ దాటి సరుకు వస్తే ఇప్పుడు 20,000 రూపాయల జరిమానా. జరిమానా ఓనరు కట్టుకుంటాడేమో. చీకట్లో వెనకాల బైకు మీద వచ్చే కుర్రాడి గురించి ఆలోచించాల్సింది నువ్వే.

దింపేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దారిలో లోడు ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు. ఏ పక్కకి ఒరిగిందో ముందు చూసి, ఎదుటి పక్కనుంచి టైటనర్ విప్పు. లీవర్ ఎదురుగా మొహం పెట్టకు. క్రేన్ స్లింగు బిగిసేదాకా గుంజలు తియ్యకు, క్లీనర్ని కింద నిలబడనివ్వకు.

వచ్చే లోడుకి ముందు నీ చైన్లు, కొక్కేలు, టైటనర్లు అన్నీ నేల మీద పరిచి ఫోటోలు తీసి పంపు. సాగిన లింకులు, నోరు తెరుచుకున్న కొక్కేలు ఏవో చూసి చెప్తాను. వాటికి వెల్డింగ్ పెట్టించకు, పక్కన పడేసి గాజువాక ఆటోనగర్‌లో కొత్తవి తీసుకో. ఓనరు ఇవ్వనంటే డబ్బులు నేను పంపుతాను.

మీ మావయ్య