ఎం33 నడిబొడ్డున వెలుగుతున్నది ఏమిటి?

ప్రశ్న: ఎం33 అనే సర్పిల గెలాక్సీ నడిమధ్యనున్న నక్షత్ర గుచ్ఛం నుంచి ఎక్స్-కిరణాలు చాలా తీవ్రంగా వస్తున్నాయని చదివాను. అంటే మన పాలపుంతలోలాగే అక్కడా ఒక మహా కృష్ణబిలం ఉన్నట్టేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: లేదమ్మా, అలా అనుకోవడానికి ఆధారం లేదు. దసరా రోజుల్లో రాత్రివేళ సీతానగరం ఒడ్డున నిలబడి కృష్ణకు అవతల ఇంద్రకీలాద్రిని చూస్తే, దీపాల తోరణాలన్నీ కలిసిపోయి ఒకే వెలుగుముద్దలా కనిపిస్తాయి. అక్కడ ఉన్నది ఒక్క పెద్ద దీపమా, వందల చిన్న దీపాలా అన్నది అంత దూరం నుంచి తేలదు. 1999లో అంతరిక్షానికి వెళ్ళిన చంద్ర దూరదర్శిని ఎక్స్-కిరణాల్లో అన్నిటికంటే సూక్ష్మంగా చూడగలిగినదే అయినా, దాదాపు 27 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం33ను చూసేటప్పుడు ఏడు కాంతి సంవత్సరాల మేర ఉన్నదంతా దానికి ఒక్క చుక్కగానే కనిపిస్తుంది. నడిమి గుచ్ఛంలో నక్షత్రాలు అత్యంత దట్టంగా ఉన్న భాగమంతా దాదాపు ఆ చుక్కలోనే ఇమిడిపోతుంది.

ఆ చుక్క పేరు ఎక్స్-8. సూర్యుడు వెదజల్లే మొత్తం శక్తికి కొన్ని లక్షల రెట్లు ఎక్స్-కిరణాల రూపంలోనే వెలువరిస్తూ, మన స్థానిక గెలాక్సీల కూటమిలో నిలకడగా వెలిగే ఎక్స్-కిరణ జనకాలన్నింటిలోకీ ఇదే ముందుంది. అయితే 2001లో హబుల్ దూరదర్శినితో ఆ గుచ్ఛంలోని నక్షత్రాల వేగాలను కొలిచినప్పుడు, అక్కడ కృష్ణబిలం ఉన్నా దాని ద్రవ్యరాశి సూర్యుడికి 1500 రెట్లను మించదని తేలింది. అంతకంటే బరువైనది ఉంటే నక్షత్రాలు మరింత వేగంగా పరుగెత్తవలసి ఉండేది. మన పాలపుంత నడుమనున్న కృష్ణబిలమో 40 లక్షల సూర్యుల పాటిది. అయినా మామూలు వేళల్లో దాని ఎక్స్-కిరణాలు మన సూర్యుడొక్కడి మొత్తం వెలుగుతో పోల్చదగినంతే. కాబట్టి ప్రకాశాన్ని చూసి బరువును అంచనా వేయకూడదు. వెలుగును నిర్ణయించేది ముఖ్యంగా కృష్ణబిలంలోకి పడుతున్న వాయువు ఎంత అన్నదే.

పది సూర్యుల పాటి కృష్ణబిలం పక్కన ఒక నక్షత్రం జంటగా తిరుగుతూ ఉంటే, దాని నుంచి జారే వాయువు పళ్ళెంలా చుట్టలు చుట్టుకుంటూ కోటి డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఎక్స్-8 అంత ప్రకాశానికి అది చాలు, అక్కడున్నది అటువంటి జంటేనన్న వివరణే నాకూ సబబుగా తోస్తుంది. కిక్కిరిసిన గుచ్ఛాల్లో ఇటువంటి జంటలు ఏర్పడటం తేలిక: మన పాలపుంత నడిమి మూడు కాంతి సంవత్సరాల లోపలే కృష్ణబిలపు జంటలను పోలిన పన్నెండు ఎక్స్-కిరణ జనకాలను 2018లో గుర్తించారు.

అలాగని ప్రతి గుచ్ఛమూ ఇంతేననడానికీ వీల్లేదు. ఎన్‌జీసీ 4395 అనే మరో సర్పిల గెలాక్సీ నడిమి గుచ్ఛంలో కృష్ణబిలం నిజంగానే ఉంది. దాని చుట్టూ వేగంగా తిరిగే వాయువు వర్ణపట రేఖలను, అంటే కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే గీతలను, వెడల్పు చేస్తుంది, ఎక్స్-కిరణాలు గంటల్లోనే హెచ్చి తగ్గుతాయి. ఎం33 నడుమ అటువంటి వెడల్పు రేఖలు కనిపించవు.