సందేహాలు – సమాధానాలు: రాజుకు చెప్పే చెక్, బ్యాంకులో ఇచ్చే చెక్కు

సందేహం: ‘బొజ్జకు చెక్’, ‘ట్రాఫిక్ కష్టాలకు చెక్’, ‘నీటి కొరతకు చెక్’... పేపర్లో, టీవీలో రోజూ ఇదే మాట. బ్యాంకులో రాసిచ్చేదీ చెక్కే. మావారి చొక్కా మీద ఉన్నవీ చెక్సే. గ్యాస్ కట్టేశానో లేదో చెక్ చేయమంటాం. ఇవన్నీ ఒకే మాటా? మా ఇంటి పాత దస్తావేజులో ‘చెక్కుబందీ’ అని రాసి ఉంది. ‘చెక్కు చెదరలేదు’ అని కూడా అంటాం కదా, ఇవి కూడా ఇంగ్లీషు నుంచి వచ్చినవేనా? చివరికి ‘చెక్’ అని రాయాలా, ‘చెక్కు’ అని రాయాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: మీరు చెప్పిన ఇంగ్లీషు చెక్‌లన్నీ ఒకే తల్లి పిల్లలు. దస్తావేజులోని చెక్కుబందీకీ, చెదరని చెక్కుకూ వాటితో ఏ చుట్టరికమూ లేదు. వాటి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇంగ్లీషు చెక్‌ను చూద్దాం. ఎందుకంటే పుట్టుకతో అది ఇంగ్లీషు మాట కాదు, హైదరాబాదుకు బాగా తెలిసిన మాట.

1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరు చివర ‘షా’ ఉంది చూడండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లోని ‘చెక్’ కూడా ఆ మాటే. ఒకటి పారశీకం నుంచి నేరుగా దక్కనుకు వచ్చింది. రెండోది అరబ్బుల నోటా, లాటిన్ నోటా, ఫ్రెంచి నోటా నాని, ఇంగ్లండు చుట్టి వచ్చి బంజారాహిల్స్ పక్కన దిగింది.

ఈ ప్రయాణానికి బండి మన చదరంగమే. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సైన్యం పేరుతో చతురంగంగా పుట్టిన ఆట ఆరో శతాబ్దం ప్రాంతంలో పారశీక దేశానికి వెళ్లి ‘చత్రంగ్’ అయింది. అరబ్బీలో చ, గ ధ్వనులు లేవు కనుక అరబ్బుల దగ్గర ‘షత్రంజ్’ అయింది. పారశీకులు ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు ‘షా!’ అని పలికేవారు. రాజుకు ఆపద వచ్చింది, చూసుకో అని హెచ్చరిక. రాజు కదలలేని స్థితికి వస్తే ‘షా మాత్’, అంటే రాజు నిస్సహాయుడయ్యాడు అని. మాత్ అంటే చనిపోయాడు అని అరబ్బీ అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ చదరంగంలో రాజు ఎప్పుడూ చావడు, చిక్కుకుంటాడు. అందుకే పారశీక అర్థమే నాకు సబబుగా తోస్తుంది. ఉర్దూలో ‘షహ్ ఔర్ మాత్’ అనే జంట ఇప్పటికీ వాడుకలో ఉంది. రష్యన్లు ఈ ఆట మొత్తాన్నీ ‘షాఖ్‌మాతి’ అనే అంటారు.

యూరప్ చేరాక షా లాటిన్‌లో ‘స్కాకస్’ అయింది. పాత ఫ్రెంచిలో ‘ఎషెక్’ అయింది. దాని బహువచనం ‘ఎషెస్’. ఏకవచనం ఇంగ్లీషులోకి వచ్చి చెక్ అయితే, బహువచనం వచ్చి చెస్ అయింది. అంటే చెస్ అన్న మాటకు అసలు అర్థం ‘రాజులు’. ‘షా మాత్’ చెక్‌మేట్ అయింది.

ఇంకా వెనక్కి వెళితే షా మనకు మరీ దగ్గరి చుట్టం. ప్రాచీన పారశీకంలో అది ‘క్షాయథియ’. సంస్కృతంలో ఏలడం అనే అర్థం ఉన్న క్షత్ర, క్షత్రియ శబ్దాలది కూడా ఆ ధాతువే. నగరం అనే అర్థంలో పాతబస్తీలో వినిపించే ‘షహర్’ కూడా ఆ కుదురు నుంచి వచ్చిందే. మొదట ఏలుబడి, తర్వాత రాజ్యం, చివరికి పట్టణం.

ఇక అర్థాలు. రాజుకు చెక్ చెప్పగానే ఎదుటివాడి ఆలోచన అక్కడ ఆగిపోతుంది. వేరే ఎత్తు ఏదీ వేయడానికి వీల్లేదు, ముందు రాజును కాపాడుకోవాలి. అలా చెక్ అంటే ఆపడం, అదుపు చేయడం అయింది. దారిలో ఆపే చోటు చెక్‌పోస్ట్. వాగు వేగాన్ని ఆపే కట్ట చెక్‌డ్యాం. అదుపు చేయాలంటే సరిచూడాలి కనుక 17వ శతాబ్దం చివరికి సరిచూడటం అనే అర్థం కూడా వచ్చింది. టికెట్ చెకింగ్, హెల్త్ చెకప్ ఆ కొమ్మవే.

బ్యాంకు చెక్కు కూడా ఈ సరిచూసే కొమ్మదే. దాని స్పెల్లింగు వెనక మాత్రం చాలా ముచ్చటైన కథ ఉంది. ఫ్రెంచిలో చదరంగం పలకను ‘ఎషెకియే’ అనేవారు. పన్నెండో శతాబ్దం మొదట్లో మొదటి హెన్రీ రాజు ఏలుతున్న కాలంలో ఇంగ్లండు ఖజానా లెక్కలు ఒక పెద్ద బల్ల మీద జరిగేవి. దాని పొడవు పది అడుగులు, వెడల్పు ఐదు. మీద గీతలున్న నల్లటి బట్ట పరిచేవారు. పెన్నీలకు ఒక వరుస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఆపై ఇరవైలకు, వందలకు, వేలకు. ఆ వరుసల్లో బిళ్లలు పెడుతూ, జరుపుతూ కూడికలు, తీసివేతలు చేసేవారు. కాగితం మీద అంకెలు వేయడం అప్పటికి వాళ్లకు అలవాటు లేదు. బల్లకు ఒక పక్క రాజుగారి ఖజానాధికారి, మరో పక్క జిల్లాల నుంచి శిస్తు తెచ్చిన షెరిఫు. ఖజానాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల్లో ఇదంతా వివరంగా రాసిపెట్టాడు. బల్ల చదరంగం పలకలా ఉంటుంది కనుక ఈ కొలువుకు ఆ పేరు వచ్చిందనీ, చదరంగంలో ఇద్దరు రాజులు తలపడినట్టు ఇక్కడ ఖజానాధికారీ షెరిఫూ తలపడతారనీ ఆయనే చెప్పాడు. ఆ కొలువు పేరే ‘ఎక్స్‌చెకర్’. బ్రిటన్ ఆర్థికమంత్రిని నేటికీ ‘చాన్సలర్ ఆఫ్ ద ఎక్స్‌చెకర్’ అంటారు.

తర్వాత బ్యాంకులు వచ్చాయి. సొమ్ము చెల్లించమని రాసిచ్చే చీటీలో మోసం జరగకుండా సరిచూసుకోవడానికి దాచుకునే పక్కముక్కను 18వ శతాబ్దం మొదట్లో చెక్ అన్నారు. కొన్నాళ్లకు ఆ పేరు చీటీకే అంటుకుంది. బ్రిటిష్ వాళ్లు దాని స్పెల్లింగును ఎక్స్‌చెకర్ (exchequer) చూసి check నుంచి cheque గా మార్చుకున్నారు. అమెరికన్లు మార్చలేదు, వాళ్లకు రెండింటికీ ఒకటే స్పెల్లింగు. మనకు బ్రిటిష్ స్పెల్లింగే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంతో స్థిరపడింది. చెక్కు బౌన్స్ అయితే కేసు పెట్టే 138వ సెక్షన్ ఆ చట్టంలోదే.

మీవారి చొక్కా మీది చెక్సుకూ ఆ చదరంగం పలకే మూలం. ఈ విషయంలో తెలుగు ఏం చేసిందో చూడండి. చదరంగం పలక మీద ఉండేది గడి. దాని బహువచనం గళ్లు. గుడికి గుళ్లు, బడికి బళ్లు అయినట్టే. బట్ట మీద ఉండేవి కూడా గళ్లే: గళ్ల చొక్కా, గళ్ల లుంగీ, గళ్ల చీర. ఇంగ్లీషువాడు చదరంగం నుంచి బట్టకు పేరు తెచ్చుకున్నాడు. మనం రెండింటికీ ఒకే మాట పెట్టుకున్నాం. చెక్స్ షర్ట్ అనడం తప్పు కాదు గానీ, గళ్ల చొక్కా అన్నప్పుడు ఉన్న అందం అందులో లేదు. (తెలంగాణలో దొరల గడీ వేరే మాట. అది చిన్న కోట అనే అర్థం ఉన్న ‘గఢీ’ నుంచి వచ్చింది. దీర్ఘం ఉంది కనుక బహువచనంలో గడీలు అవుతుంది, గళ్లు కాదు.)

ఇప్పుడు ‘బొజ్జకు చెక్’ సంగతి. ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇంగ్లీషు మాట అని కాదు. చదరంగంలో చెక్ ఆటకు ముగింపు కాదు. చెక్ చెప్పాక రాజుకు మూడు దారులుంటాయి: పక్క గడిలోకి జరగవచ్చు, మీదికొచ్చిన పావును చంపవచ్చు, మధ్యలో ఇంకో పావును అడ్డం పెట్టవచ్చు. ఒక ఆటలో ఇరవైసార్లు చెక్ చెప్పి చివరికి ఓడిపోయినవాళ్లూ ఉంటారు. 2002లో విశ్వనాథన్ ఆనంద్ గెలిచిన ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) ప్రపంచ కప్ మన హైదరాబాదులోనే జరిగింది. అలాంటి పోటీల్లో అసలు నోరు విప్పి చెక్ అనాల్సిన పనే లేదు, నియమాల్లో ఆ అవసరం లేదు. చెక్‌డ్యాం కూడా అంతే, నీళ్లను పూర్తిగా ఆపదు. వేగం తగ్గించి కొంత నిలబెడుతుంది, మిగతాది మీది నుంచి పొర్లిపోతుంది. కాబట్టి ‘నీటి కొరతకు చెక్’ అంటే మాట ప్రకారం కొరత కాస్త నెమ్మదించింది అని అర్థం. రాసినవారి ఉద్దేశం మాత్రం కొరత తీరిపోయింది అని.

తీరిపోయింది అని చెప్పడానికి చదరంగంలోంచే మనకు సొంత మాట ఉంది: ఆటకట్టు. ‘దొంగల ఆటకట్టు’, ‘కల్తీ వ్యాపారుల ఆట కట్టించారు’ అని రాస్తే ఇక వాళ్లకు కదలడానికి గడి లేదు అని అర్థం. ఎంత ఖచ్చితమైన మాట అది! అదుపు చేయడానికైతే తెలుగులో ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి ఉంది. ప్రవాహంలా వచ్చేదానికి అడ్డుకట్ట: వలసలకు, అప్పులకు, పుకార్లకు. పరుగెత్తేదానికి కళ్లెం: ధరలకు, వేగానికి. మాట విననివాడికి ముకుతాడు. ఎద్దు ముక్కులోంచి తీసిన తాడు లాగితే ఎంత బలమైన ఎద్దయినా ఆగుతుంది. ఆ నొప్పి కూడా ఆ మాటలో ఉంది. ఇంకొకరి పనికి అడ్డుపడితే అడ్డుపుల్ల. అందులో వేసినవాడి మీద మన అయిష్టం కూడా పలుకుతుంది. వీటన్నిటి చోటా ఒక్క చెక్‌ను పెడితే అడ్డుకట్టకూ అడ్డుపుల్లకూ తేడా పోతుంది. శీర్షికలో చోటు తక్కువ అన్నది పత్రికలవారు చెప్పే కారణం. కళ్లెం మూడక్షరాలకు మించదు. ఆటకట్టు నాలుగే.

ఎవరి ఎత్తుకైనా పైఎత్తు వేసి ఇరుకున పెట్టినప్పుడు ‘సొంత పార్టీవాళ్లే ఆయనకు చెక్ పెట్టారు’ అనడం వేరు. అక్కడ చదరంగం బొమ్మ కళ్లముందు ఉంది. ఆయన ఇంకా తప్పించుకోవచ్చు అన్న సూచనా ఉంది. అలాంటి చోట వాడండి, బాగుంటుంది. అలాగే గ్యాస్ కట్టేశానో లేదో ‘చెక్ చేయి’ అంటే ఎవరికీ నష్టం లేదు. ‘ఒకసారి చూడు’ అన్నా పని జరుగుతుంది. అధికారులు చేసేదానికి తనిఖీ ఉంది. అది ఉర్దూ నుంచి వచ్చి ఎప్పుడో మనదైపోయింది.

ఇక మన చెక్కు. ఇది అచ్చతెలుగు. పైతోలు, పైపొర అని అర్థం. మాగాయకు మామిడికాయ చెక్కు తీస్తారు, ఆవకాయకు తీయరు. ఆలుగడ్డ చెక్కు తీసి కూర వండుతారు. పైతోలు కూడా కదలకుండా ఉన్నది ఉన్నట్టుంటే ‘చెక్కు చెదరలేదు’ అంటాం. ఇంత మంచి పలుకుబడిని ఇంగ్లీషు ఖాతాలో రాయకండి. కావ్యాల్లో చెక్కిలికి కూడా చెక్కు అనే మాట ఉంది. ‘చెక్కుటద్దములు’ అంటే అద్దాల్లా మెరిసే చెక్కిళ్లు. శిల్పి రాతిని చెక్కడం మనదే. చెక్క మనదే. పండక్కి చేసుకునే పప్పుచెక్కలూ మనవే.

చెక్కుబందీ ఇంకో ఊరి మాట. ‘చక్’ అంటే హిందుస్తానీలో భూమి ముక్క, ‘బందీ’ కట్టడి. ఆ ముక్కకు నాలుగు దిక్కులా హద్దులు కట్టి చెప్పడం చక్‌బందీ. మన దస్తావేజు లేఖరుల చేతిలో అది చెక్కుబందీ అయింది. మీ కాగితంలో ఆ మాట కింద తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని వరుసగా ఎవరి స్థలం ఉందో, ఎక్కడ బాట ఉందో రాసి ఉంటుంది చూడండి. సంస్కృతం ఇష్టపడేవారు దాన్నే చతుస్సీమలు అంటారు. తెలంగాణలో మామూలుగా హద్దులు అంటాం.

చివరగా రాత. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కనుక బయటి మాట చివర ఉకారం చేరుతుంది. దాని ముందు హ్రస్వం ఉంటే హల్లు రెట్టిస్తుంది: బస్సు, కప్పు, చెక్కు. దీర్ఘం ఉంటే రెట్టించదు: కారు, రైలు, నోటు. అందుకని బ్యాంకు కాగితానికి చెక్కు అనే రాయండి. చెక్కును, చెక్కుకు, చెక్కులు, చెక్కుల మీద... విభక్తులన్నీ ఇబ్బంది లేకుండా వస్తాయి. ‘చెక్‌ల్ని’ అని రాసి చూడండి, నాలుకకు అడ్డం పడుతుంది. ‘చేయు’, ‘పెట్టు’ లాంటి క్రియకు ముందు వచ్చినప్పుడు మాత్రం ఉకారం రాదు: ఫోన్ చేయి, టైప్ చేయి, చెక్ చేయి. ‘చెక్కు చేశాను’ అని ఎవరూ అనరు కదా. చెక్‌పోస్ట్, చెక్‌డ్యాం వంటి జంటల్లోనూ పొల్లే సరి. ‘చెక్కు పెట్టాడు’ అని రాస్తే బ్యాంకులో కాగితం పెట్టాడని, ‘చెక్ పెట్టాడు’ అంటే ఎదుటివాడిని ఇరుకున పెట్టాడని చదివేవారికి తెలిసిపోతుంది.