పంక్ పాటగాడికి డార్విన్‌తో పనేంటి?

"అమెరికా పంక్ రాక్ బ్యాండ్ 'బ్యాడ్ రిలిజియన్' గాయకుడు గ్రెగ్ గ్రాఫిన్ జీవపరిణామం గురించి, దేవుడి గురించి రాసింది చదవొచ్చా? పాటలు పాడుకునేవాడికి ఇవన్నీ ఎందుకు?" అని ఒకరు అడిగారు.

ఎందుకంటే ఆయన చదువే అది. 2003లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ, గైడు జీవపరిణామ శాస్త్ర చరిత్రకారుడు విలియం ప్రొవైన్. చైనాలో దొరికిన ఒక పక్షి శిలాజానికి 2011లో గ్రాఫిన్ పేరే పెట్టారు. థీసిస్ కోసం పేరున్న పరిణామ శాస్త్రవేత్తలకు మతం మీద ప్రశ్నలు పంపితే 149 మంది జవాబిచ్చారు. 78 శాతం మంది ప్రకృతికి అవతల ఏమీ లేదన్నారు. అదే పెద్దమనుషుల్లో 79 శాతం మంది మనిషికి స్వేచ్ఛా సంకల్పం ఉందన్నారు! దేవుణ్ని తీసేసినా 'నా ఇష్టం' మాత్రం వదులుకోరన్నమాట. మన టీవీ చర్చల్లో అరిచే ఇరుపక్షాలవాళ్లకీ ఈ రెండు అంకెలు చూపించాలని ఉంటుంది నాకు.

మాది తెనాలి వైపు క్రైస్తవ కుటుంబం. హైదరాబాద్‌లో చదివే రోజుల్లో ఆ బ్యాండ్ టీషర్టు ఒకటి తెప్పించుకున్నాను. సిలువ బొమ్మ, దాని మీద నో పార్కింగ్ బోర్డులా ఎర్ర గుండ్రం, అడ్డగీత. సెలవులకి ఇంటికెళ్లి అదే వేసుకు తిరుగుతున్నాను. సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక. "తిరగేసి వేసుకోరా, అయ్యగారొచ్చే టైమయింది" అంది అమ్మ. అయ్యగారంటే మా పాస్టరు. తిరగేస్తే ఏముంది, పల్చటి గుడ్డ, బొమ్మ అవతలికి కనిపిస్తూనే ఉంది.

ప్రార్థన అయ్యాక అయ్యగారు టీ తాగుతూ, "ఏం బాబూ, సిలువకి నో ఎంట్రీయా?" అన్నారు. అమ్మ వంటింట్లోకి మాయం. నేను గ్రాఫిన్ రాసిన 'అనార్కీ ఎవల్యూషన్' పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని విషయసూచిక మీద వేలు జరుపుతూ నాలుగో అధ్యాయం దగ్గర ఆగారు. నాస్తికత్వం కూడా ఒక అబద్ధపు విగ్రహమే అన్నట్టు దాని పేరు. "అరె, వీడు మనవాడేనే!" అని నవ్వారు. ఆ వేలు ఐదో అధ్యాయం మీదికొచ్చింది, అది విషాదం గురించి. "చావింటికి వెళ్తే ఏం మాట్లాడాలో చెప్పాడా?"

అది చెప్పడు. గ్రాఫిన్‌కి ప్రకృతి వరణాన్ని (పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా మిగిలి పిల్లల్ని కంటాయన్న డార్విన్ సూత్రాన్ని) దేవుడి కుర్చీలో కూర్చోబెట్టడమూ ఇష్టం లేదు. జీవుల చరిత్రంతా విపత్తులు, యాదృచ్ఛికాలే, వాటి వెనక ఉద్దేశం వెతక్కండి అంటాడు. నా లెక్కలో అదే నిజాయితీ. పుస్తకం అడిగి తీసుకెళ్లిన పాస్టరు ఒకవైపు, 2023లో పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం పీకేసిన ఎన్‌సీఈఆర్‌టీ (పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) ఇంకోవైపు. ఎవరికి భయం ఎక్కువో మీరే చూసుకోండి.

ఇంతకీ చదవొచ్చా అంటే, చదవండి. సగం ఆత్మకథే. 1980లో లాస్ ఏంజెలెస్‌లో స్కూలు పిల్లలుగా బ్యాండ్ పెట్టిన భాగాలు హాయిగా సాగుతాయి. సర్వే సంగతి ఒక్కటే కావాలంటే 2007లో ప్రొవైన్‌తో కలిసి 'అమెరికన్ సైంటిస్ట్' పత్రికలో రాసిన వ్యాసం చాలు, పుస్తకం కొనక్కర్లేదు.