ఇది రేసిజమా, కాదా: కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళకి

ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగుతుంది. దసరా వచ్చేలోపే ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఇది రేసిజమేనా?" అపార్ట్‌మెంట్ ఇవ్వనన్నారు, బస్సులో పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు, మేనేజరు మీటింగ్‌కి పిలవలేదు. నేను తిరిగి అడిగేది ఒకటే. మీ చేతిలో ఉన్న కాగితాలతోనే, మీకున్న ఆదాయంతోనే ఒక తెల్ల కుర్రాడు అదే కౌంటర్ దగ్గర నిలబడితే అతనికీ ఇదే జవాబు వచ్చేదా? వచ్చేదైతే అది ఇక్కడి పద్ధతి, నేర్చుకోవాలి. వచ్చేది కాదంటే ఊరుకోకూడదు.

అపార్ట్‌మెంట్ సంగతే చూడండి. మీకు క్రెడిట్ హిస్టరీ (అప్పులు సరిగ్గా తీర్చారన్న రికార్డు) లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదు, జీతం లేదు. చాలాచోట్ల అద్దెకి మూడు రెట్ల ఆదాయం చూపించమంటారు, లేదంటే గ్యారంటర్‌ని తెమ్మంటారు, డిపాజిట్ ఎక్కువ అడుగుతారు. ఇక్కడే పుట్టిన కాలేజీ కుర్రాడికి కూడా అంతే, వాళ్ళ నాన్న సంతకం పెడితేగాని ఇల్లు రాదు. లీజులో ఇద్దరి పేర్లు రాయించి, టూ బెడ్‌రూమ్‌లో ఆరుగురు ఉంటే నోటీసు వస్తుంది. అదీ రేసిజం కాదు. కానీ ఫోన్లో "ఖాళీ ఉంది, వచ్చి చూడండి" అని, మిమ్మల్ని చూశాక "ఇప్పుడే వేరేవాళ్ళు తీసుకున్నారు" అని, మర్నాడు మీ అమెరికన్ క్లాస్‌మేట్ అడిగితే మళ్ళీ "ఉంది" అన్నారనుకోండి. అది అచ్చంగా వివక్షే. "ఇండియన్స్‌కి ఇవ్వం, వంట వాసన పోదు" అన్నా అంతే. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం రంగు, జాతి, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనడాన్ని నిషేధించింది. ఏడాదిలోపు హడ్ అనే ఫెడరల్ శాఖకి ఫిర్యాదు చేయవచ్చు. గృహ హక్కుల సంఘాలు ఇలాంటివి తేల్చడానికి ఒకే ఆదాయం ఉన్న ఇద్దరిని, ఒక తెల్లవారినీ ఒక నల్లవారినీ, విడివిడిగా పంపి ఇద్దరికీ ఏం చెప్పారో పోల్చి చూస్తాయి. నేను పైన అడిగిన ప్రశ్న కూడా అదే.

ఆఫీసులో ఇంత తేటగా ఉండదు. "సారీ, అర్థం కాలేదు, మళ్ళీ చెప్తారా?" అంటే మనసు కష్టపెట్టుకోకండి. నెమ్మదిగా మళ్ళీ చెప్పండి. వీసా స్పాన్సర్ చేయం అనడం కూడా చట్టప్రకారం కంపెనీ ఇష్టమే. కానీ పని బాగుందని రాసిచ్చి, ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి "నీ యాస కస్టమర్లకి నచ్చదు" అంటే అది వేరే సంగతి. యాస వల్ల ఆ పని నిజంగా దెబ్బతింటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కస్టమర్ల ఇష్టాయిష్టాలు సాకుగా పనికిరావు. ఉద్యోగంలో ఇలాంటి వివక్షని నిషేధించిన 1964 నాటి పౌరహక్కుల చట్టం పదిహేను మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది. మీ వీసా ఏదైనా ఆ రక్షణ మీకూ ఉంది. ఫిర్యాదు ఈఈఓసీ అనే, ఉద్యోగ వివక్ష చూసే ఫెడరల్ సంస్థకి 180 రోజుల్లో చేయాలి, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల దాకా గడువుంటుంది. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. హెచ్ఆర్‌కి చెప్పాం కదా, చూస్తారులే అని నెలలు గడిపేస్తారు. హెచ్ఆర్‌తో మాట్లాడుతున్నారని ఈ గడువు ఆగదు. ఏ రోజు, ఎవరు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఆ రాత్రే రాసిపెట్టుకోండి.

"ఎక్కడి నుంచి వచ్చావు?" అన్న ప్రశ్నకి బాధపడక్కర్లేదు. మనం నిజంగానే వేరే దేశం నుంచి వచ్చాం. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మన పిల్లల్ని మాత్రం "అది కాదు, అసలు ఎక్కడ?" అని మళ్ళీ మళ్ళీ అడిగితే వాళ్ళకి కోపం రావడం న్యాయమే. అది అతి అని వాళ్ళని కోప్పడకండి.

మాట బెదిరింపులోకి దిగితే ఈ చర్చలేవీ వద్దు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో, ఒక బార్లో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌నీ, అతని స్నేహితుడు అలోక్ మాడసానినీ ఒకడు మీ వీసా ఏంటని నిలదీశాడు. వాణ్ణి బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, అలోక్ గాయపడ్డాడు, అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లవాడికీ తూటాలు తగిలాయి. వాళ్ళిద్దరి తప్పు ఇందులో రవ్వంత లేదు. మీకు చెప్పేది మాత్రం ఇంతే: అలాంటివాడు ఎదురుపడితే సమాధానం చెప్పకండి, అక్కడినుంచి లేచి వెళ్ళిపోండి, 911కి ఫోన్ చేయండి.

ఇక మన సంగతి. "ఆ ఏరియాలో నల్లోళ్ళు ఎక్కువ, ఇల్లు తీసుకోకు" అని సీనియర్లే జూనియర్లకి నేర్పుతున్నారు. ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను పైన చెప్పిన రెండు చట్టాలూ నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి సాధించుకున్నవి. ఇళ్ళ చట్టం మీద సంతకం పడింది 1968 ఏప్రిల్ 11న, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి. అంతకుముందు, 1965 దాకా, భారతదేశానికి వలస కోటా ఏడాదికి వంద మంది. ఆ పోరాటాల వేడిలోనే అదీ మారి మనకి దారి తెరుచుకుంది. వాళ్ళు తెచ్చిన చట్టం కింద ఫిర్యాదు రాస్తూ, వాళ్ళుండే వీధి వద్దనడం ఏం న్యాయం? రాత్రిపూట భయంగా ఉంటే ఆ వీధి నేరాల వివరాలు పోలీసుల వెబ్‌సైట్లో చూసుకోండి. పక్కింటివాళ్ళ రంగు కాదు.

కులం సంగతీ అంతే. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని చట్టంతో నిషేధించాల్సి వచ్చింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. మన రూమ్మేట్ ప్రకటనలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. అద్దె ఎంత, వంట ఎవరు చేస్తారు, సిగరెట్ అలవాటుందా, ఇవి అడగండి. ఇంటిపేరు అడగకండి.