టెస్టింగ్ లైబ్రరీకి 1.0 ఎప్పుడు పెట్టాలి?

పైథాన్‌లో టెస్టింగ్ లైబ్రరీ రాశామని, చాలాకాలంగా 0.9 వెర్షన్ దగ్గరే ఆగిపోయామని, ఇక ఇది స్థిరమని మాటిచ్చే 1.0 అనాలంటే టెన్షన్‌గా ఉందని కర్నూలు నుంచి అడిగారు. నేను కడపలో ఉంటాను. తెలుగు ఫారాలు, బిల్లులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసే చిన్న లైబ్రరీ ఒకటి మా టీమ్ రాసింది. దాన్ని 1.0కి తెచ్చేటప్పుడు తెలిసిన సంగతులు చెబుతాను.

ఇంకా ఏ ఫీచర్లు రావాలన్నది పక్కన పెట్టండి. వేరే లైబ్రరీలో తప్పుంటే ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట ఆగుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. టెస్టింగ్ లైబ్రరీలో తప్పుంటే పాస్ అని పచ్చగా చూపిస్తుంది, ఎవరూ అటు తిరిగి చూడరు. అందుకే ఫెయిల్ కావాల్సిన చోట అది కచ్చితంగా ఫెయిల్ అవుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. బాగున్న కోడ్‌ను కావాలనే చెడగొట్టి చూడండి. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే ఫలితం అంకెను ఎగ్జిట్ కోడ్ అంటారు, 0 అంటే అంతా బాగున్నట్టు. పైథాన్ టెస్టింగ్ టూల్ పైటెస్ట్, ఒక్క టెస్టు కూడా దొరకకపోతే 0 ఇవ్వదు, 5 ఇస్తుంది. ఏమీ నడవకుండానే అంతా బాగుందనుకునే ప్రమాదం అలా తప్పుతుంది. మీది ఏం ఇస్తోంది?

మమ్మల్ని ఎక్కువకాలం ఆపింది మైదుకూరు. ఊరు కాదు, ఆ పేరులోని ‘మై’. కంప్యూటర్లో అక్షరాలకు కోడ్‌లు ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, లేదా ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే, రెండూ ఒకటేనా అని చూసే పైథాన్ == మాత్రం కాదంటుంది. టెస్టు ఫెయిల్ అవుతుంది, మెసేజ్‌లో ‘రావాల్సింది మైదుకూరు, వచ్చింది మైదుకూరు’ అని ఉంటుంది. చూసేవాళ్ళకు పిచ్చెక్కుతుంది. పోల్చేముందు రెండింటినీ నార్మలైజ్ చేయాలా (అంటే ఒకే రూపంలోకి తేవాలా) వద్దా అని చాలా వాదించుకుని, చేయాలనే తేల్చాం. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో కనపడకుండా ఉండి అక్షరాలు కలవకుండా ఆపే నాన్-జాయినర్ గుర్తు నార్మలైజ్ చేసినా పోదు. దాన్ని తేడాగానే ఉంచి, మెసేజ్‌లో బయటికి చూపించాం. ఇలాంటి నిర్ణయాలు 1.0కి ముందే అయిపోవాలి. తర్వాత మారిస్తే నిన్న ఫెయిల్ అయిన టెస్టు ఇవాళ పాస్ అవుతుంది, ఎందుకో వాడేవాళ్ళకు తెలియదు.

పేర్ల సంగతి కూడా ఉంది. జావా టెస్టింగ్ లైబ్రరీ జేయూనిట్ 4లో బయటివాళ్ళు వాడకూడని ప్రైవేట్ ఫీల్డులను కూడా కోడ్ ఎడిటర్లు రిఫ్లెక్షన్‌తో, అంటే నడుస్తున్న కోడ్ లోపలికి తొంగిచూసే పద్ధతితో, చదివేవి. దాంతో వాటి పేర్లు మార్చడమే కష్టమైంది. 2017 సెప్టెంబరులో వచ్చిన జేయూనిట్ 5లో ఏ భాగం ప్రయోగాత్మకం, ఏది స్థిరం అన్నది కోడ్‌లోనే గుర్తు పెట్టారు. మీరూ అలాగే చేయండి. సగం ఉడికిన వాటికి ప్రయోగాత్మకం అని పెట్టి, మిగతాదాన్ని మార్చబోమని మాట ఇవ్వండి. అన్నీ పండేదాకా ఆగనక్కర్లేదు.

0.9లో ఉంటే వాడేవాళ్ళకు క్షేమం అనుకుంటున్నారేమో, కాదు. వెర్షన్ నంబర్లు ఎలా పెట్టాలో చెప్పే సెమాంటిక్ వెర్షనింగ్ నియమాల ప్రకారం 0తో మొదలయ్యే వెర్షన్‌లో ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు. నిజమైన పనికి వాడుతున్నారంటే అది బహుశా ఇప్పటికే 1.0 అయి ఉండాలని కూడా అదే చెబుతుంది. మీ లైబ్రరీని రోజూ నడిపే టీములు ఉన్నాయన్నారు కాబట్టి, వాళ్ళకు మీరు ఆ మాట బాకీ ఉన్నారనే నా అభిప్రాయం.

ముందు 1.0.0 ఆర్‌సీ 1 (రిలీజ్ క్యాండిడేట్, అసలు విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్) వదలండి. ఇలాంటి ప్రీ-రిలీజ్ కావాలని అడిగితే తప్ప పైథాన్ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ దాన్ని తీసుకోదు, కాబట్టి ఎవరి పనీ చెడదు. అదే ఇబ్బంది కూడా: మీరు అడగకపోతే ఎవరూ వాడి చూడరు. మేము అనంతపురంలో తెలిసినవాళ్ళను బతిమాలి, వాళ్ళ పాత టెస్టులన్నీ దాని మీద నడిపించాం. వాళ్ళు టెస్టుల్లో ఒక్క లైను కూడా మార్చాల్సిన పని పడలేదు, డాక్యుమెంటేషన్ గురించే అడిగారు. అప్పుడు 1.0 పెట్టాం. ఆర్‌సీలో బగ్గులు దొరికితే పర్వాలేదు, సరిచేసి ఆర్‌సీ 2 ఇవ్వండి. ఫంక్షన్ పేరు మార్చాలనిపిస్తే మాత్రం మళ్ళీ 0.10కి వెళ్ళండి.

ఆర్‌సీ వదిలాక లింకు పంపండి. మా తెలుగు టెస్టులు దాని మీద నడిపి, ఏం తేలిందో మీకు రాస్తాను.